మా నాన్నకి కోపం రాదు

తెలుగులో బీపీ అంటే జబ్బు కాదు, కోపం. “పొద్దున్నే నాకు బీపీ తెప్పించకు” అంటాం. “ఆయనకి బీపీ లేచిందంటే ఇంట్లో పిల్లి కూడా అరవదు” అంటాం. పాత సినిమాల్లో బీపీ ఉన్నవాడంటే కూతురి ప్రేమ సంగతి తెలిసి గుండె పట్టుకుని సోఫాలో కూలబడే తండ్రి. పక్కనే భార్య, ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో గ్లాసుతో నీళ్ళు. మనకి బీపీ అంటే కంటికి కనిపించేది, చెవికి వినిపించేది.

అందుకే ఆరేళ్ళ కిందట మా నాన్నకి బీపీ ఉందని డాక్టరు చెప్తే ఇంట్లో ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. నాన్నకి కోపం రాదు. పెన్షన్ కాగితాలు మూడోసారి తిరిగొచ్చినా, పెళ్ళికి వెళ్ళాల్సిన రైలు కళ్ళ ముందే కదిలిపోయినా “సర్లే, చూద్దాం” అంటారు. రాసిచ్చిన మాత్ర నెల రోజులు వేసుకున్నారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, రిటైరయ్యాక టెన్షన్లు అసలే లేవు, ఇక మాత్రెందుకని మానేశారు. అమ్మ ఒకట్రెండుసార్లు గుర్తు చేసింది. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను అదీ చెయ్యలేదు. అసలు గుర్తే లేదు నాకు.

నిరుడు శుక్లాల ఆపరేషన్ కోసం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ లైటు వేసి కంటి వెనక పొరని చాలాసేపు చూసింది. “ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు బీపీ చూపించుకుని రండి” అంది. 190/110. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.3. కిడ్నీలు మూడో వంతు మాత్రమే పనిచేస్తున్నాయని ఇంకో డాక్టరు చెప్పాడు. కిడ్నీలు పాడై బీపీ వచ్చిందా, బీపీ వల్ల కిడ్నీలు పాడయ్యాయా అని అడిగాను. ఈ దశలో ఏది ముందో చెప్పడం కష్టం, ఇప్పుడు ఒకదాన్నొకటి తింటున్నాయి అన్నాడు. నాన్న మాత్రం ఒకే ఒక్క మాట అడిగారు, అదీ మెల్లగా, ఎవర్నీ ఉద్దేశించకుండా.

“నాకేమీ తెలియలేదే?”

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దాన్ని పట్టుకుని కొన్ని నెలలు చదివాను. చదివాక తెలిసిందేమిటంటే, మా ఇంట్లో ఆరేళ్ళపాటు జరిగిన పొరపాటు వైద్యశాస్త్రంలో దాదాపు వందేళ్ళపాటు జరిగింది.

రక్తానికి ఒత్తిడి ఉంటుందని మొట్టమొదట కొలిచి చూపించింది డాక్టరు కాదు, స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు. ఒక గుర్రాన్ని వెల్లకిలా కట్టేసి, తొడ దగ్గర ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి పొడవాటి గాజుగొట్టం తగిలించాడు. రక్తం గుండె మట్టం నుంచి 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకి లేచి, గుండె కొట్టుకున్నప్పుడల్లా కిందకీ పైకీ ఊగింది. 1733లో ఆ సంగతి పుస్తకంలో రాశాడు. గుర్రం బతకలేదు. మనుషుల మీద చేసే పని కాదు కాబట్టి ఆ తర్వాత వందేళ్ళకి పైగా డాక్టర్లకి మిగిలినవి వేళ్ళే. మణికట్టు పట్టుకుని నాడి గట్టిగా ఉందనో మెత్తగా ఉందనో చెప్పేవాళ్ళు.

అసలు కథ లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో మొదలవుతుంది. అక్కడ రిచర్డ్ బ్రైట్ అనే డాక్టరు ఒళ్ళు వాచిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద కాచేవాడు. కొందరిది కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. వాళ్ళు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు చిన్నవై గరుకుగా ఉండేవి. 1836లో అలాంటి 100 మంది వివరాలు పట్టిక వేసి ప్రచురించాడు. అందులో వింత ఏమిటంటే చాలామందికి గుండె పెద్దదైంది, అందులోనూ ఎడమ గది గోడ మందంగా తయారైంది. కవాటాల్లో జబ్బేమీ లేదు. మరి కిడ్నీ పాడైతే గుండెకేమైంది? రక్తం చెడి సన్న నాళాల్లో కదలడం కష్టమైతే గుండె మరింత బలంగా తొయ్యాల్సి వస్తుందేమో అని బ్రైట్ ఊహించాడు. అంటే ముందు కిడ్నీ, తర్వాత గుండె. ఈ వరస చాలాకాలం వేదవాక్కుగా నిలబడిపోయింది.

దాన్ని తిరగేసినవాడు అదే ఆసుపత్రిలో చదువుకున్న కుర్రాడు. పేరు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్. ఆ మధ్యపేరు చూసి నేను కాసేపు ఆగిపోయాను. ఇతను షేక్ దీన్ మహమ్మద్ మనవడు. సాహిత్యం చదివేవాళ్ళకి తాత తెలిసే ఉంటాడు: 1759లో పాట్నాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ సైన్యం వెంట తిరిగి, ఐర్లండ్ చేరి, 1794లో తన ప్రయాణాల పుస్తకం అచ్చేసినవాడు. ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించిన మొదటి భారతీయుడు. 1810లో లండన్‌లో ఇండియన్ హోటల్ పెట్టి దివాలా తీసినవాడు కూడా ఆయనే. తర్వాత బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, ఒళ్ళు మర్దనా మొదలుపెట్టి రాజులకే మర్దనా చేసే స్థాయికి ఎదిగాడు. మనం తలకి రుద్దుకునే షాంపూ అన్న మాట మన చంపీ నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళింది. తాత చేతులతో ఒళ్ళు పట్టాడు, మనవడు యంత్రంతో నాడి పట్టాడు అని రాయాలని చెయ్యి లాగుతోంది గానీ, వద్దులెండి.

మహమ్మద్ పట్టుకున్న యంత్రం పేరు స్ఫిగ్మోగ్రాఫ్. మణికట్టు మీద ఒక చిన్న మీట ఆనించి కడితే నాడి కొట్టుకున్నప్పుడల్లా అది కదిలి మసి పూసిన కాగితం మీద అల గీస్తుంది. ఫ్రాన్సులో మారే 1860లో తయారుచేసిన యంత్రాన్ని విద్యార్థిగా ఉండగానే మహమ్మద్ మెరుగుపరిచి, నాడిని ఎంత బరువుతో నొక్కుతున్నామో కొలిచే ఏర్పాటు చేశాడు. 1872లో దాని గురించి వ్యాసాలు రాశాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. దాంతో అందరి చేతులూ కొలవడం మొదలుపెట్టాడు, జబ్బున్నవాళ్ళవే కాదు, మామూలుగా తిరిగేవాళ్ళవి కూడా. అక్కడ దొరికింది అసలు సంగతి. మూత్రంలో ఏ దోషమూ లేనివాళ్ళలో కూడా కొందరి అలలు కిడ్నీ రోగుల అలల్లాగే ఉన్నాయి. ఒత్తిడి ముందే ఉంది, కిడ్నీలు పాడవడం తర్వాత. వాళ్ళ గురించి మహమ్మద్ ఏం రాశాడంటే, వీళ్ళు అందరిలాగే జీవితం గడిపేస్తుంటారు, ఆ ఒత్తిడి వల్ల మామూలుగా బాధేమీ పడరు, వయసు మళ్ళేకొద్దీ లోపలి శత్రువు బలం పుంజుకుంటాడు అని.

నాన్న ప్రశ్నకి జవాబు 1880ల తొలిరోజుల్లోనే అచ్చయి ఉంది. ఆ జవాబిచ్చినవాడు 1884లో టైఫాయిడ్‌తో పోయాడు. ముప్ఫై ఐదేళ్ళు. మాట నిలబెట్టుకోవడానికి మనిషి లేడు, పేరు వేరేవాళ్ళకి వెళ్ళింది.

ఆ తర్వాత కొలవడం సులువైంది. 1896లో ఇటలీలో రివా రోచీ జబ్బకి చుట్టే గాలిపట్టీ కనిపెట్టాడు, 1905లో రష్యన్ డాక్టరు కొరోట్కోవ్ పట్టీ కింద స్టెతస్కోప్ పెట్టి ఏ చప్పుడు ఎప్పుడు వినిపిస్తుందో చెప్పాడు. పైనంకె, కింద అంకె అప్పటి నుంచే. అంకెలైతే వచ్చాయి గానీ వాటి అర్థం మీద కొత్త చిక్కొచ్చింది. 1911లో ఒక జర్మన్ డాక్టరు, కిడ్నీతో సంబంధం లేకుండా, కారణం తెలియకుండా వచ్చే బీపీకి ఎసెన్షియల్ అన్న విశేషణం తగిలించాడు. దానంతటదే వచ్చేది అని ఆయన ఉద్దేశం. ఇంగ్లీషులో ఆ మాటకి అవసరమైనది అన్న అర్థం ఉంది. రేషన్ బియ్యంలాగా నిత్యావసరం అన్నమాట! వయసుతో నాళాలు బిగుసుకుపోతాయి, వాటిలోంచి రక్తం వెళ్ళాలంటే ఒత్తిడి పెరగాల్సిందే, అది శరీరం చేసుకున్న సర్దుబాటు, దాని జోలికి వెళ్ళకూడదు అని పెద్ద పెద్ద డాక్టర్లు నమ్మారు. 1931లో జాన్ హే అనే బ్రిటిష్ డాక్టరు, బీపీ ఉన్నవాడికి అసలు ప్రమాదం ఆ సంగతి బయటపడటమే, ఎందుకంటే ఎవడో ఒక మూర్ఖుడు దాన్ని తగ్గించబోతాడు అన్నాడు. అదే ఏడాది అమెరికాలో గుండె వైద్యానికి పెద్దదిక్కైన పాల్ డడ్లీ వైట్ కూడా ఇంచుమించు ఆ ధోరణిలోనే రాశాడు.

ఈ నమ్మకం ఖరీదెంతో ఒక్క మనిషి ఒంట్లో చూడొచ్చు. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్. అమెరికా అధ్యక్షుడు కాబట్టి ఆయన బీపీ అంకెలు ఏడాదివారీగా మిగిలాయి. 1935లో 136/78. 1937లో 162/98. 1941లో 188/105. ఆయన సొంత డాక్టరు అడ్మిరల్ మెకింటైర్ ముక్కు, చెవి, గొంతు నిపుణుడు. సైనస్ బాధకి బాగా పనికొచ్చాడు. ఈ అంకెలు వయసుకి తగ్గట్టే ఉన్నాయనుకున్నాడు.

1944 మార్చికి రూజ్వెల్ట్ మనిషి వాడిపోయాడు. కూతురు ఆనా గట్టిగా పట్టుబడితే నావికాదళ ఆసుపత్రిలో హొవార్డ్ బ్రూయెన్ అనే యువ గుండె డాక్టరుకి చూపించారు. 186/108. పడుకుంటే ఆయాసం, ఊపిరితిత్తుల అడుగున నీటి చప్పుడు, ఎక్స్‌రేలో పెరిగిన గుండె.

అప్పటికి ఏం జరిగిందంటే, గుండె ఎడమ గది పనల్లా రక్తాన్ని ఒంటి మొత్తానికి తొయ్యడం. ఎదురుగా ఒత్తిడి ఎక్కువుంటే దానికి రోజూ కుస్తీయే. పహిల్వాన్ జబ్బలాగా గోడ మందమవుతుంది. చూడ్డానికి బలమనిపిస్తుంది గానీ, మందమైన కండ బిగుసుకుపోయి సరిగ్గా సాగదు, లోపలికి తగినంత రక్తం రానివ్వదు, దాని సొంత తిండికీ ఎక్కువ రక్తం కావాలి. అది తెచ్చే నాళాలేమో అదే ఒత్తిడికి ఒరుసుకుపోయి సన్నబడుతుంటాయి. ఏళ్ళు గడిచాక కండ అలిసి సాగిపోతుంది. తొయ్యలేని రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఆయాసం అక్కడిది. అంతదాకా వచ్చేలోపు మనిషికి ఏమీ తెలియదు, ఎందుకంటే గుండె సర్దుకుంటూ వచ్చింది. సర్దుకోవడంలోనే దెబ్బ తగిలింది.

బ్రూయెన్ డిజిటాలిస్ ఇమ్మన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు, సిగరెట్లు, పని తగ్గించమన్నాడు. ఊపిరి తేలికైంది. బీపీ మాత్రం తగ్గలేదు, తగ్గించే మందు లేదు కూడా. రోగికి సంగతి చెప్పొద్దని పైనుంచి ఆదేశం. అంతకన్నా నన్ను పట్టేసింది వేరే ఉంది. ఆ రోజు నుంచి చివరిదాకా బ్రూయెన్ దాదాపు రోజూ ఆయన్ని చూశాడు, చేతికి పట్టీ కట్టాడు. రూజ్వెల్ట్ ఒక్కసారి కూడా ఎంతుంది, ఈ మాత్రలు దేనికి అని అడగలేదట. రెండో ప్రపంచయుద్ధం నడిపిస్తున్న మనిషి, అన్నీ అడిగే మనిషి, ఇది అడగలేదు.

ఆ అక్టోబరులో న్యూయార్కులో వానలో ఓపెన్ కారులో గంటల తరబడి తిరిగి తను గట్టిగానే ఉన్నానని జనానికి చూపించాడు. నవంబరులో నాలుగోసారి గెలిచాడు. 1945 ఫిబ్రవరిలో యాల్టా వెళ్ళి స్టాలిన్, చర్చిల్‌తో కూర్చుని యుద్ధం తర్వాతి యూరప్ గురించి బేరాలాడాడు. అక్కడ పోలండ్ గురించి వాదనలు ముదిరిన ఒక రోజు ఆయన నాడి ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ నీరసంగా కొట్టుకోవడం బ్రూయెన్ గమనించాడు. అలిసిన గుండె లక్షణం అది. చర్చిల్ డాక్టరు దూరం నుంచి చూసే ఈ మనిషికి ఇక నెలలేనని డైరీలో రాసుకున్నాడు. ఆరోగ్యంగా ఉండుంటే పోలండ్‌ని అలా వదిలేసేవాడు కాదని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకది నమ్మబుద్ధి కాదు. సోవియట్ సైన్యం అప్పటికే పోలండ్‌లో ఉంది, బీపీ 120/80 ఉంటే అది వెనక్కి వెళ్ళిపోయేది కాదు కదా.

ఇంకో పిట్టకథ. ఆ బల్లకి అటువైపు కూర్చున్న స్టాలిన్‌దీ అదే జబ్బు. 1952లో డాక్టరు వినొగ్రాదోవ్ ఆయన్ని చూసి, ఆరోగ్యం దిగజారింది, పని మానుకోవాలి అన్నాడు. కొన్ని నెలల్లో ఆ డాక్టరు జైల్లో ఉన్నాడు. 1953 మార్చిలో స్టాలిన్ మెదడులో రక్తనాళం చిట్లి చచ్చిపోయాడు. ఒకచోట డాక్టరు చెప్పలేదు, ఒకచోట చెప్పినందుకు లోపలేశారు, ఫలితం మాత్రం ఒకటే.

చివరి నెలల్లో ఒక దశలో రూజ్వెల్ట్ బీపీ 260/150కి వెళ్ళింది. 1945 ఏప్రిల్ 12న జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో ఒక చిత్రకారిణి బొమ్మ గీస్తుంటే కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తల వెనక భాగం విపరీతంగా నొప్పి పెడుతోందన్నాడు, ఒరిగిపోయాడు. బ్రూయెన్ వచ్చి కొలిస్తే 300/190 దాటింది. మూడున్నరకి పోయాడు, అరవై మూడేళ్ళు. మెదడు లోతట్టు భాగాలకి వెళ్ళే నాళాలు వెంట్రుకల్లా సన్నవి, పెద్ద నాళాల నుంచి నేరుగా చీలతాయి. కాలవ మధ్యలో తూము పెట్టినట్టు పెద్ద ఒత్తిడంతా వాటి మీదే పడుతుంది. ఏళ్ళ తరబడి పడితే గోడలు పెళుసెక్కుతాయి. ఒక రోజు ఒకటి చిట్లుతుంది. ఆ రోజు మాత్రమే మనిషికి తెలుస్తుంది.

ఆయన వైద్య రికార్డులు ఆసుపత్రి బీరువాలోంచి మాయమయ్యాయి. ఎవరు తీశారో తేలలేదు. మెకింటైర్ మరుసటేడు పుస్తకం రాసి అంతా బాగానే ఉండేదన్నట్టు చెప్పుకొచ్చాడు. బ్రూయెన్ ఇరవై ఐదేళ్ళు నోరు విప్పలేదు, 1970లో ఒక వైద్యపత్రికలో అన్నీ రాశాడు. పైన అంకెలు చాలావరకూ ఆ వ్యాసం పుణ్యమే.

నిజానికి ఆయన అడిగినా పెద్దగా చెయ్యగలిగిందేమీ లేదా? 1944లోనే, వాషింగ్టన్‌కి మరీ దూరం కాని ఉత్తర కరోలినాలో, వాల్టర్ కెంప్నర్ అనే యూదు డాక్టరు, హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాడు, కిడ్నీ రోగులకి అన్నం పెడుతున్నాడు. అన్నం, పళ్ళు, పంచదార, అంతే. ఉప్పు దాదాపు సున్నా. ఒక రోగిని రెండు వారాల తర్వాత రమ్మన్నాడట. ఆయన జర్మన్ యాస అర్థం కాక ఆవిడ రెండు నెలలు అదే తిని వచ్చింది. చూస్తే బీపీ దిగింది, గుండె సైజు తగ్గింది, కంటి వెనక రక్తపు చారలు మాయమయ్యాయి. అప్పటికి కంటి వెనక నాళాలు చూసి బీపీ రోగుల్ని నాలుగు తరగతులు చెయ్యడం మొదలైంది. నాలుగో తరగతివాళ్ళు చాలామంది ఏడాది దాటేవాళ్ళు కాదు. అలాంటిది, అన్నంతో కొందరు వెనక్కొచ్చారు. ఇది చెప్తే అమ్మకి భలే ఆనందమైంది, అన్నం మంచిదని తను ఎప్పటినుంచో చెప్తోందిగా. ఆవకాయ లేదు, పెరుగులోకి కూడా ఉప్పు లేదు అని మిగతాది చెప్పేసరికి ఆసక్తి పోయింది.

రూజ్వెల్ట్ పోయిన మూడేళ్ళకి అమెరికా ప్రభుత్వం ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని ఎంచుకుని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టింది. బీపీ ఎక్కువున్నవాళ్ళకి గుండెజబ్బు, పక్షవాతం ఎక్కువ వస్తున్నాయని అక్కడ లెక్కలతో తేలింది. నిత్యావసరం వాదన అలా కూలింది. మరి తగ్గిస్తే బతుకుతారా? దానికి జవాబు వచ్చేసరికి 1967. ఎడ్వర్డ్ ఫ్రైస్ అనే డాక్టరు 143 మంది మాజీ సైనికుల్ని తీసుకుని సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చాడు. రెండేళ్ళు తిరక్కముందే ఉత్తుత్తి బిళ్ళ వాళ్ళలో 27 మందికి పెద్ద ప్రమాదాలొచ్చాయి. మందు వేసుకున్నవాళ్ళలో ఇద్దరికి.

ఆ మందుల్లో ఒకటి రిసర్పిన్. అది సర్పగంధి వేరులోంచి వచ్చింది. మనవాళ్ళు నిద్రకీ, పిచ్చికీ, పాము కాటుకీ వాడిన మొక్క. బీపీకి పనికొస్తుందని 1931లోనే కలకత్తాలో సేన్, బోస్ రాశారు, ఎవరూ చూడలేదు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ గుండె వైద్యపత్రికలో రాస్తే ప్రపంచం చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని సారం తీశారు. యాల్టాకి ఏడేళ్ళు ఆలస్యం. మనకి ముందే తెలుసు అని గుండెలు చరుచుకునే వాట్సాప్ మెసేజీలకి ఇది బాగా పనికొస్తుంది గానీ, వేరు తెలియడం వేరు, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఇస్తే ఎంతమంది మిగులుతారో లెక్క తెలియడం వేరు. ఆ మందుకి దిగులు పట్టించే గుణం కూడా ఉంది, ఇప్పుడు పెద్దగా వాడట్లేదు.

ఇప్పుడు నాన్నకి రోజూ రెండు రకాల మాత్రలు. రూజ్వెల్ట్‌కి దొరకనివి, నెలకి మా ఇంటి కాఫీపొడి ఖర్చంత కూడా కావు. కిడ్నీలు పోయినంత పోయాయి. ఒక్కో కిడ్నీలో పది లక్షల జల్లెడలుంటాయని స్కూల్లో చదువుకున్నాం, మూసుకుపోయినవి మళ్ళీ తెరుచుకోవు. సగం పోయేదాకా మిగతావి ఆ పని కూడా తామే చేసేసి మాట బయటికి పొక్కనివ్వవు. ఉన్నవాటిని కాపాడుకోవడమే ఇక.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు నాన్నకి ఇదంతా చెప్పాను. మహమ్మద్ గురించి విని ముప్ఫై ఐదేళ్ళకే పోయాడా అని బాధపడ్డారు. రూజ్వెల్ట్ దగ్గరికొచ్చేసరికి, “ఒక్కసారీ అడగలేదా ఆయన?” అన్నారు.

“లేదంట.”

“భయం అయ్యుంటుంది” అన్నారు కాసేపాగి. ఇన్నాళ్ళలో ఆ మాట నాకు తట్టలేదు.

బీపీ మిషన్ తెచ్చుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుని, జబ్బకి పట్టీ తనే చుట్టుకుని కొలుచుకున్నారు. 138/84. ఆ పక్కనే పెట్టుకున్న పాత డైరీలో తేదీ వేసి రాసుకున్నారు. పట్టీ విప్పి నా వైపు చాపారు. “నీది ఎప్పుడు చూపించుకున్నావ్? చెయ్యి ఇటివ్వు.”

ఇప్పుడే కాఫీ తాగాను, అరగంట ఆగాలి అన్నాను.